పిడి కొలత

గోర్డీ ప్రోచ్నో దగ్గర మొదటి రోత, నోట్లో నమిలే పొగాకు పెట్టుకుని మాట్లాడటం. రెండో రోత, అది ఊసే కాగితం కప్పుని ఎక్కడ పడితే అక్కడ పెట్టడం. సోమవారం పొద్దున ఎల్డన్ కుబియాక్ గాలపు కర్రలు చేసుకునే షెడ్డులోకి వస్తూనే, అప్పుడే సానపట్టి వరసగా పేర్చిన కార్కు బిళ్ళల పక్కన టక్కున పెట్టాడు కప్పు. ఎల్డన్ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, గుమ్మం బయట మెట్టు మీద పెట్టొచ్చి, వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు. గోర్డీ అదేం గమనించలేదు. గమనించే రకమైతే ఈ కథే లేదు.

"మా ఆవిడకి గాలపు కర్ర కావాలిరా," అన్నాడు. "శనివారం పోటీకల్లా ఇచ్చెయ్యాలి. టీవీలో వాళ్ళు పట్టుకుంటారు చూడు, రెండు ముక్కల పిడి, మధ్యలో ఉత్త కర్ర కనిపిస్తూ. ఆ మోడల్ వెయ్యి. నల్ల స్పాంజి. ఊదా రంగు దారం చుట్టు, చూడ్డానికి బాగుంటుంది."

ఎల్డన్ చేసేవి మస్కీ కర్రలే. ఈ ఉత్తరాన టమరాక్ సరస్సు చుట్టుపక్కల మస్కీ తప్ప ఇంకో చేప గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మనిషి కాలంత పొడవు, నోటినిండా సూదుల్లాంటి పళ్ళు, రోజంతా గాలం విసిరినా కంటికి కనబడదు. దానికేసే కొయ్య ఎర ఒక్కొక్కటీ చెప్పుజోడంత బరువుంటుంది. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆ బరువు విసరాలంటే కర్ర కన్నా ముందు పిడి కుదరాలి.

"స్పాంజి కావాలని ఆవిడ అడిగిందా?" అన్నాడు ఎల్డన్.

"అదెందుకు అడుగుతుంది? కానుక కదరా. అడిగి ఇస్తే కానుకెలా అవుద్ది?"

"మరి చెయ్యి చూడాలిగా నేను."

"చెయ్యికేముంది? రెండున్నాయి దానికి. వేళ్ళు కూడా సరిగ్గా పదే. లెక్కపెట్టాను." తన జోకుకి తనే నవ్వి, ఒక కార్కు బిళ్ళ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మళ్ళీ వరసలో పెట్టేశాడు. ఎల్డన్ ఆ బిళ్ళని తర్వాత పొయ్యిలో పడేశాడు.

రెండు ముక్కల పిడి అంటేనే ఎల్డన్‌కి చిరాకు. చేప జిగురంటిన చేత్తో ఆ స్పాంజిని పట్టుకుంటే తడి సబ్బుముక్కే. అక్టోబరు చలికి అది నీళ్ళు పీల్చి బండలా బిగుసుకుపోతుంది. అతని లెక్కలో పిడి అంటే నిండు పిడే. గాలపు తాడు చుట్టుకునే రీలు దగ్గర మొదలుపెట్టి చివరిదాకా ఖాళీ లేకుండా కార్కు, మోచెయ్యి దాటి చంకలో దూరేంత పొడవు. వాళ్ళ నాన్న అలాగే చేశాడు, ఇతనూ అలాగే చేస్తున్నాడు. సరస్సు మీద బతికిన ముసలివాళ్ళందరూ అలాంటిదే పట్టుకుంటారు.

అయినా కొలత తీసుకోవాలని కొలబద్ద పట్టుకుని బయటికి నడిచాడు. మార్సెల్లా బండిలోనే కూర్చుని ఉంది, అద్దం ఎత్తేసుకుని. పొట్టి మనిషి, సీట్లో కూర్చుంటే తల మాత్రమే కనబడుతుంది. లోపల హీటరు వేసుండటంతో కోటు విప్పి పక్కన పెట్టుకుంది. ఎల్డన్ అద్దం మీద తడితే దించింది.

"ఎలా ఉన్నావ్ ఎల్డన్?"

"బానే ఉన్నా. ఏదీ, చెయ్యి మడిచి పెట్టు ఒకసారి."

మోచేతి నుంచి చూపుడువేలి కణుపుదాకా కొలిచి, దానిమీద ఒక పిడికెడు కలుపుకుంటే పిడి పొడవు. ఎవరికైనా ఇదే లెక్క. గోర్డీ నడిపే హోటల్లో గిన్నెలు తోమి తోమి ఆమె వేళ్ళు ఎర్రగా పొట్టు లేచి ఉన్నాయి. అరచెయ్యి చిన్నది గానీ పట్టు గట్టిదని తెలుస్తూనే ఉంది.

"పిడి వెనక వైపు, ఎల్డన్, అదేంటంటే..." అని ఆమె మొదలుపెట్టేలోపే గోర్డీ వచ్చి బండెక్కి అవతలి తలుపు దబ్బున వేశాడు.

"దానికేం తెలుసని అడుగుతున్నావ్ రా? నువ్వు చేసిందే పట్టుకుంటుంది."

బండి కదిలిపోయింది. మెట్టు మీద కప్పు అలాగే ఉంది. ఎల్డన్ దాన్ని తీసి చెత్తబుట్టలో వేశాడు.

మంగళవారం గాలి పడమటి నుంచి కొట్టింది. కొత్తగా దారం చుట్టిన కర్ర ఒకదాన్ని పరీక్షించటానికి ఎల్డన్ పడవేసుకుని నాచు అంచుదాకా వెళ్ళాడు. కాస్త దూరంలో గోర్డీ పడవ కనబడింది. ముందు గోర్డీ, వెనక మార్సెల్లా. నారింజరంగు దళసరి కోటు, దానిమీద లైఫ్ జాకెట్టు, ఆమె నిలువెంతో అడ్డమూ అంతే ఉంది.

మస్కీ గుణమేమిటంటే ఎర వెనకాలే పడవదాకా వస్తుంది, వచ్చి ఆగిపోతుంది. అక్కడ ఎరని పైకి లేపేశామా, అంతే సంగతులు. లేపకుండా కర్ర కొసని నీళ్ళలో ముంచి, ఎరని ఎనిమిది అంకె వేసినట్టు పెద్ద మెలికలు తిప్పాలి. చెయ్యి లాగేస్తుంది, చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. అందుకని సగంమంది మగాళ్ళు మొక్కుబడిగా ఒక సున్నా చుట్టి వదిలేస్తారు. గోర్డీ ఆ సున్నా కూడా చుట్టడు. మార్సెల్లా మాత్రం విసిరిన ప్రతిసారీ వంగి తిప్పుతోంది. ఎల్డన్ తన పని ఆపి అటే చూశాడు.

ఆమె రెండో మెలిక తిప్పుతుండగా నీళ్ళు ఎగజిమ్మి చేప ఎరని అందుకుంది. కర్ర విల్లులా వంగిపోయింది. ఆమె ఎడమచెయ్యి రీలుకి ముందు బిగించి, మోకాళ్ళు పడవ అంచుకి ఆనించి నిలబడింది. అరవలేదు. చేపని లాగనిచ్చి, ఆగినప్పుడు చుట్టుకుంటోంది. అంతకన్నా బాగా ఎవరూ చెయ్యలేరు.

గోర్డీ తన కర్ర పడేసి ఆమె మీదికి వచ్చాడు. "ఇటియ్యి. పోగొడతావ్. ఇటియ్యమంటుంటే!" అని మోచేత్తో తోసి కర్ర లాక్కున్నాడు. ఆమె ఎరల బకెట్టు మీద కూలబడింది. ఒక్క క్షణం అలాగే కూర్చుని, లేచి వల అందుకుంది. చేపని వలలో పట్టింది కూడా ఆమే.

ఇక్కడి గాలాల క్లబ్బుకి ఒకటే గట్టి రూలుంది. చేప తగిలాక కర్ర చేతులు మారితే ఆ చేప ఎవరి లెక్కలోకీ రాదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. గోర్డీ ఆ క్లబ్బుకి అధ్యక్షుడు.

ఆ తర్వాత జరిగింది చూడకుండా ఉంటే బాగుండేది. మస్కీని నీళ్ళలోనే వలలో ఉంచి, గాలం తీసి, ఒక్క ఫోటో తీసుకుని వదిలేస్తారు మర్యాదున్నవాళ్ళు. గోర్డీ దాన్ని దవడ పట్టుకుని నిలువునా వేలాడదీశాడు. ఒక ఫోటో, టోపీ తిప్పి ఇంకోటి, కళ్ళద్దాలు తీసి మరోటి. మార్సెల్లా ఫోన్ పట్టుకుని "చాలు, వదిలెయ్యి," అంటోంది, గాలిలో వినబడుతూనే ఉంది. చేప మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ మెల్లగా ఆగిపోయాయి. అప్పుడు నీళ్ళలో పడేసి బూటుకాలితో ఒక తోపు తోశాడు.

"చూశావా ఎల్డన్? యాభై ఒక్క అంగుళాలు!" అని అరిచాడు.

ఎల్డన్ చెయ్యెత్తాడు. ఎత్తాక, ఎందుకెత్తానా అనుకున్నాడు.

గురువారం ఉదయం ఎల్డన్ పడవ కట్టేసే చోట రెల్లులో తెల్లగా ఏదో తేలుతూ కనబడింది. దగ్గరికెళ్తే మంగళవారం చేపే. కడుపు ఉబ్బిపోయి, ఒక కన్ను పక్షులు పొడుచుకు తినేసి, దవడ దగ్గర మాంసం చీలి వేలాడుతోంది. ఆ కంపు బట్టలకి పట్టేసింది. తెడ్డుతో ఒడ్డుకి లాగి, పార తెచ్చి, గొయ్యి తీసి పూడ్చాడు. పూడుస్తున్నంతసేపూ గోర్డీని తిడుతూనే ఉన్నాడు. వినేవాళ్ళు ఎవరూ లేరు గనక తిట్లు బాగానే వచ్చాయి.

షెడ్డులోకి వచ్చి చేతులు రెండుసార్లు కడుక్కుని, నల్ల స్పాంజి గొట్టాలు తీసి ఒక మూలకి విసిరేశాడు. మార్సెల్లాకి నిండు పిడే చెయ్యాలని నిశ్చయించుకున్నాడు. వాడేమనుకుంటే అనుకోనీ. దాచి ఉంచుకున్న మేలురకం కార్కు బిళ్ళలు బయటికి తీశాడు, ఒక్క తొర్ర లేనివి. ఒక్కొక్క బిళ్ళకీ లోపల కర్ర లావుకి తగ్గట్టు బెజ్జం సానపెట్టి, జిగురు రాసి, కర్ర మీదికి ఎక్కించి, పైనుంచి బిగించాడు. జిగురు ఆరాక లేతు మిషను మీద తిప్పుతూ ఆమె చిన్న అరచేతికి తగ్గట్టు సన్నగా చెక్కాడు. గరుకు కాగితం, తర్వాత నున్నటి కాగితం, తర్వాత వేలితోనే రుద్దటం. కార్కు పొడి మీసాల మీద, కనురెప్పల మీద పడింది. రీలు ముందు మాత్రం అందరికీ వేసినట్టే బెత్తెడు ముక్క వేశాడు. వెనకాల చంకదాకా వచ్చేలా పొడుగ్గా ఉంచాడు. ఇన్నేళ్ళలో అంత మంచి పిడి చెయ్యలేదనుకున్నాడు. గోర్డీ మీద కోపం కూడా ఆ పనిలోనే కాస్త తగ్గింది. తాను ఏదో న్యాయం చేస్తున్నానన్న తృప్తి కలిగింది. ఆ తృప్తితోనే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

శుక్రవారం సాయంత్రం ఊరంతా గోర్డీ హోటల్లోనే ఉంటుంది. ఆరోజు చేపల వేపుడు. పళ్ళెంలో వేపుడు ముక్కలు, బంగాళాదుంప అట్లు, క్యాబేజీ పచ్చికూర, నల్లరొట్టె. బారు వెనక గోడ మీద చెక్క బోర్డుంది, ఏటా పెద్ద చేప పట్టినవాళ్ళ పేర్లు దానిమీద చెక్కుతారు. ఈ ఏడాది లెక్క శనివారం పోటీతో ముగుస్తుంది.

గోర్డీ బారు మీద మోచేతులాన్చి కథ చెబుతున్నాడు. ఎల్డన్ వెళ్ళేసరికే అది ఎన్నోసారో. చేప ఎలా వచ్చిందీ, తాను ఎంత ఓపిగ్గా ఎనిమిది తిప్పిందీ, అది ఎలా లంకించుకుందీ.

"మా ఆవిడ వల పట్టిందిలే," అన్నాడు. "అదీ తలకిందులుగా. 'ఒసే, చేప నీళ్ళలో ఉందే, ఆకాశంలో లేదు' అన్నా."

అందరూ నవ్వారు. బాగా నవ్వారు. మార్సెల్లా రెండు చేతుల్లో నాలుగు పళ్ళేలు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతోంది.

"వదిలేస్తే ఎలా పోయిందనుకున్నారు? బాణంలా పోయింది," అన్నాడు గోర్డీ. "ఎల్డన్ పక్కనే ఉన్నాడు. అడగండి వాణ్ణి. చెప్పరా ఎల్డన్, చూశావుగా?"

తలలన్నీ ఇటు తిరిగాయి. ఎల్డన్ నోట్లో వేపుడు ముక్క ఉంది. గొయ్యిలో వేసిన చేప కంపు ఒక్కసారి ముక్కుకి తగిలినట్టయింది. నమిలాడు. మింగాడు. సరిగ్గా అప్పుడే మార్సెల్లా రొట్టెల బుట్ట తెచ్చి అతని ముందు పెట్టింది, పెట్టి అక్కడే ఆగింది.

"పెద్ద చేపే," అన్నాడు ఎల్డన్.

"విన్నారా?" అన్నాడు గోర్డీ, గ్లాసెత్తి.

మార్సెల్లా బుట్ట సర్ది, "క్యాబేజీ ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగింది.

"వద్దు," అన్నాడు ఎల్డన్. ఆమె వెళ్ళిపోయింది. పళ్ళెంలో మిగిలింది అతను ముట్టుకోలేకపోయాడు. పర్లేదులే, రేపు కర్ర చూస్తే సంతోషిస్తుంది అనుకున్నాడు. అదే అనుకుంటూ ఇంటికెళ్ళాడు.

శనివారం పొద్దున్నే ఆమె ఒక్కతే వచ్చింది. నారింజరంగు కోటు, మీద లైఫ్ జాకెట్టు, చెవులమీదికి లాగిన ఉన్ని టోపీ. గోర్డీ రేవు దగ్గర కాఫీలు పోయిస్తున్నాడట.

ఎల్డన్ కర్రని గోడమీంచి తీసి రెండు చేతులమీదా పెట్టి అందించాడు. "వాడు చెప్పింది చెయ్యలేదు. స్పాంజి చెత్త. ఇది నిండు పిడి. మంచి కార్కు. అసలైన మనిషి పట్టుకునే పిడి."

ఆమె పట్టుకుంది. బొటనవేలితో కార్కుని నిమిరింది. "నున్నగా ఉంది," అంది. ఎల్డన్ ముఖం వెలిగింది. తర్వాత ఆమె షెడ్డు మధ్యకి వెళ్ళి, ముందుకి వంగి, నేల మీద నీళ్ళున్నట్టే కర్ర కొసతో ఎనిమిది తిప్పటం మొదలుపెట్టింది. మొదటి మలుపులోనే పిడి చివర లైఫ్ జాకెట్టుకి తగులుకుంది. విడిపించుకుని మళ్ళీ తిప్పింది. ఈసారి డొక్కలో గుచ్చుకుంది. ఆమె ఆగి, నిట్టూర్చి, నిటారుగా నిలబడింది.

"గోర్డీ పాత కర్రతోనూ ఇంతే," అంది. "నా డొక్కంతా కమిలిపోయి ఉంది. నేను పొట్టిదాన్ని ఎల్డన్. పైగా ఇంత కోటేసుకుంటా. ఇంత పిడి ఎక్కడ పెట్టుకోను?"

"కొలిచే చేశాగా."

"స్వెట్టర్ మీద కొలిచావు, వెచ్చగా బండిలో కూర్చుంటే. మస్కీలు అక్కడ పడతాయా?"

ఎల్డన్ నోరు తెరిచాడు. చంకలో ఆన్చుకుంటే చేతికి బరువు తగ్గుతుందనీ, ఎవరికైనా అదే మంచిదనీ చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు వెనకాల జానెడు చాలు. ముందు పొడుగ్గా కావాలి, ఎడమచెయ్యి రీలు ముందు పెడతా నేను. మంగళవారం చూశావుగా, ఎక్కడ పట్టుకున్నానో. అక్కడుండీ చూస్తూ ఊరుకున్నావు." ఆ చివరి మాట మెల్లగా అంది. "వాడికి స్పాంజి ముద్దు, నీకు కార్కు ముద్దు. నన్ను ఒక్కడన్నా అడిగారా? నిన్న అంతమందిలో నోరు విప్పనివాడివి, పిడి చేసి ఇస్తే సరిపోద్దనుకున్నావా?"

ఎల్డన్ బల్ల మీది గరుకు కాగితాలు సర్దటం మొదలుపెట్టాడు.

"ఇనుము కోసే రంపం ఎక్కడుంది?" అంది.

"మార్సెల్లా, ఆ కార్కు మళ్ళీ దొరకదు."

"రంపం ఇయ్యి."

ఇచ్చాడు. ఆమె పిడి మీద గోరుతో గీత గీసి, పీచు లేవకుండా ఆ చోట టేపు చుట్టి, కర్రని బల్ల మీద పెట్టింది. "ఆ చివర గట్టిగా పట్టుకో," అంది. పట్టుకున్నాడు. రంపం తిన్నగా, తొందర లేకుండా నడిచింది. కార్కు పొడి, లోపలి కార్బను కర్ర నల్లటి పొడి కలిసి బల్లమీద రాలాయి. ముక్క అతని చేతిలోకి ఊడొచ్చింది. ఆమె టేపు పీకి, అంచుని గరుకు కాగితంతో రుద్ది, మూలనున్న స్పాంజి ముక్క ఒకటి అడగకుండానే తీసుకుని రీలు ముందు చుట్టి టేపుతో బిగించింది. చూడ్డానికి వికారంగా ఉంది. వంగి ఎనిమిది తిప్పింది. పిడి కోటుని తాకలేదు. ఎడాపెడా, ఎంత పెద్ద మలుపైనా ఎక్కడా ఆగలేదు.

"ఇదీ నాది," అంది. తలుపు దగ్గర ఆగి, "నేనివాళ ట్వైలా పడవలో వెళ్తున్నా," అంది. ట్వైలాది రేవు పక్కన ఎరల కొట్టు. "రేవులో బెర్నిస్ చేపల లెక్క పుస్తకం మూసేలోపు రావాలనుకుంటే రా. రాకపోయినా నాకేం పోదు."

ఎల్డన్ ఆ కోసిన ముక్కని బల్ల మీద పెట్టి, రాలిన పొడి ఊడ్చాడు. గోర్డీ మీద వారం రోజులుగా పెంచుకున్న అసహ్యమంతా ఎటో తిరిగి తన ఒళ్ళోకే వచ్చి పడ్డట్టుంది. కోటు వేసుకుని రేవుకి నడిచాడు.

రేవులో పడవలు బారులు తీరి ఉన్నాయి. క్లబ్బు కార్యదర్శి బెర్నిస్ మడతబల్ల వేసుకుని పేర్లు రాసుకుంటోంది. గోర్డీ కాఫీ కెటిల్ పట్టుకుని అందరితో పరాచికాలాడుతున్నాడు.

"బెర్నిస్," అన్నాడు ఎల్డన్. మడతబల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "మంగళవారం చేపని లెక్కలోంచి కొట్టెయ్యి. కర్ర చేతులు మారింది. తగిలింది మార్సెల్లాకి, వీడు లాక్కున్నాడు. ఆ చేప బతకను కూడా లేదు. మా రెల్లులో తేలితే నేనే పూడ్చాను."

గోర్డీ నవ్వాడు. "పొద్దున్నే తాగొచ్చాడు వీడు. నిన్న పెద్ద చేపే అన్నది నువ్వు కాదట్రా?"

"అన్నాను. నీ తిండి నోట్లో ఉంది, అందుకని అన్నాను."

బెర్నిస్ కలం ఎత్తి, నీళ్ళలో కదలటానికి సిద్ధంగా ఉన్న ట్వైలా పడవ వైపు చూసింది. "నిజమేనా మార్సెల్లా?"

"నిజమే."

"మరి చేప నీ పేరున వెయ్యమంటావా?"

"రూలు నాకూ వర్తిస్తుందిగా," అంది మార్సెల్లా. "ఎవరికీ వద్దు. కొట్టెయ్యి."

బెర్నిస్ కొట్టేసింది. గోర్డీ కెటిల్ బల్ల మీద పెట్టేసి, బూతులు తిడుతూ బండి వైపు వెళ్ళాడు. అతనితో ఎవరూ వెళ్ళలేదు, అతని వెనక ఎవరూ నవ్వలేదు కూడా. ట్వైలా మోటారు తాడు లాగింది. పడవ రేవు దాటి నాచు అంచువైపు తిరిగింది. మార్సెల్లా అప్పటికే ఎర విసిరేసింది, దాన్నే చూసుకుంటోంది.

ఎల్డన్ ఒడ్డు చివరదాకా నడిచి అక్కడే నిలబడ్డాడు. చలికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. పడవ చిన్నదైపోయింది. తక్కిన పడవలన్నీ కూడా ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. అయినా కదలకుండా ఎందుకు నిలబడ్డాడో అతనికి చాలాసేపటికి గానీ తట్టలేదు. ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి, చెయ్యెత్తి థాంక్స్ చెబుతుందేమోనని చూస్తున్నాడు. అది తెలిసేసరికి తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది.